85 ఎంఎం లెన్స్‌తో ఫ్యామిలీ ఫొటో: ఎఫ్/1.8 ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దెబ్బ కొడుతుంది?

రెండేళ్ల కిందట సంక్రాంతికి రాజోలు వెళ్లేటప్పుడు నా బ్యాగ్‌లో కొత్త లెన్స్ ఉంది. 85 ఎంఎం, ఎఫ్/1.8. కొని పది రోజులు కూడా కాలేదు. కనుమ రోజు సాయంత్రం ఇంటి ముందు అందరినీ నిలబెట్టాను. కింద ముగ్గురు పిల్లలు, కుర్చీల్లో మామ్మ, పెదనాన్న, పెద్దమ్మ, వెనక ఐదుగురు. మొత్తం పదకొండు మంది. కువైట్‌లో పనిచేసే బాబాయి మూడేళ్ల తర్వాత వచ్చింది ఆ పండక్కే. ఆయన వెనక వరసలో నిలబడ్డాడు.

ఎఫ్/1.8 పెట్టి తీశాను. అంత డబ్బు పెట్టి కొన్న లెన్స్ కదా, ఎఫ్/1.8 వాడకపోతే ఎలా అని నా లాజిక్. కెమెరా స్క్రీన్ మీద అదిరిపోయింది. వాట్సాప్‌లో పంపితే అందరూ మెచ్చుకున్నారు. హైదరాబాద్ తిరిగొచ్చాక లాప్‌టాప్‌లో జూమ్ చేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. మామ్మ వరస షార్ప్‌గా ఉంది. వెనక ఐదుగురి ముఖాలూ మసకగా ఉన్నాయి. కింద పిల్లలూ అంతే, పైగా వాళ్ల కాళ్లు కట్ అయిపోయాయి. అప్పటికే బాబాయి మళ్లీ కువైట్ వెళ్లిపోయాడు.

రివ్యూలు చదివి లెన్స్ కొనే మనలో చాలామంది చేసే తప్పే ఇది. ఫాస్ట్ లెన్స్ అంటే బ్లర్ కోసమే అనుకుంటాం. కానీ ఫ్యామిలీ ఫొటోకి ఈ లెన్స్ ఇచ్చే అసలు లాభం బ్లర్ కాదు, దూరం. ఎందుకో, మరి ఎఫ్/1.8 ఎప్పుడు వాడాలో లెక్కలతో సహా ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ముందు మూడు మాటల అర్థం

ఫాస్ట్, టెలిఫొటో, ప్రైమ్. ఈ మూడు మాటలూ కలిసి వస్తాయి కానీ మూడు వేర్వేరు సంగతులు.

ప్రైమ్ అంటే జూమ్ లేని లెన్స్. ఫ్రేమ్ మార్చాలంటే మన కాళ్లతో ముందుకీ వెనక్కీ నడవాలి.

టెలిఫొటో అంటే మామూలు లెన్స్ కన్నా ఇరుకైన కోణం చూసేది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 85 ఎంఎం చిన్న టెలిఫొటో కిందకి వస్తుంది.

ఫాస్ట్ అంటే లెన్స్ లోపలి రంధ్రం, అంటే ఎపర్చర్, పెద్దగా తెరుచుకుంటుంది అని. ఎఫ్ పక్కన నంబర్ తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఫోకల్ లెంగ్త్‌ని ఆ నంబర్‌తో భాగిస్తే రంధ్రం ఎంతుందో వచ్చేస్తుంది. 85ని 1.8తో భాగిస్తే 47 మిల్లీమీటర్లు. అదే ఎఫ్/5.6 దగ్గర 15 మిల్లీమీటర్లే. లోపలికి వచ్చే వెలుతురులో తేడా దాదాపు పది రెట్లు. ఎఫ్/1.8లో 1/2000 సెకను సరిపోయిన చోట, ఎఫ్/5.6లో 1/200 కావాలి. షట్టర్ స్పీడ్ పెంచడానికి వీలిస్తుంది కాబట్టే దీన్ని ఫాస్ట్ అంటారు.

ఈ లెన్సులు పుట్టిందే మనుషుల కోసం. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్స్‌వాల్ అనే గణిత ప్రొఫెసర్ ఎఫ్/3.6 పోర్ట్రెయిట్ లెన్స్ డిజైన్ చేశాడు. అంతకుముందు వాడిన లెన్సులతో మనిషి కదలకుండా నిమిషాల తరబడి కూర్చోవాల్సి వచ్చేది. ఈ లెన్స్‌తో ఆ టైమ్ బాగా తగ్గింది. కాకపోతే ఒక చిక్కు. దాంట్లో ఫ్రేమ్ మధ్యలో మాత్రమే బాగా షార్ప్‌గా ఉండేది, అంచులు మెత్తబడేవి. ఒక మనిషికి బాగుండేది, గుంపుకి అంత కుదిరేది కాదు. ఫాస్ట్ లెన్స్‌కీ గ్రూప్ ఫొటోకీ పేచీ అప్పటినుంచే ఉందన్నమాట. కారణాలు వేరైనా, ఈరోజు మన చేతిలో ఉన్న 85 ఎంఎంకీ ఆ పేచీ తప్పదు.

అసలు లాభం: దూరం

ఫోన్ మెయిన్ కెమెరా దాదాపు 24 ఎంఎంతో సమానం. దాంతో ఒకరి ముఖం ఫ్రేమ్ నిండా రావాలంటే రెండడుగుల దగ్గరికి వెళ్లాలి. ముక్కు కొన కెమెరాకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవులు 72 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే ముక్కు చెవుల కన్నా 20 శాతం పెద్దగా పడుతుంది. అదే మనిషిని రెండు మీటర్ల నుంచి 85 ఎంఎంతో తీస్తే ఆ తేడా 6 శాతమే. "ఫొటోలో నా ముక్కు లావుగా ఉంటుంది" అని మీ అక్క గొడవ చేస్తే తప్పు ఆవిడ ముక్కుది కాదు, మీరు నిలబడ్డ చోటుది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ముఖం ఆకారం మార్చేది లెన్స్ కాదు, దూరం. లెన్స్ చేసేదల్లా, దూరంగా నిలబడినా ఫ్రేమ్ నిండేలా చూడటం.

గుంపులో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ముందు వరసకీ వెనక వరసకీ మధ్య ఒక మీటరు ఉందనుకుందాం. రెండున్నర మీటర్ల నుంచి ఫోన్‌తో తీస్తే వెనకవాళ్ల తలలు ముందువాళ్ల తలల్లో 71 శాతం సైజులోనే వస్తాయి. ఎనిమిది మీటర్ల నుంచి తీస్తే 89 శాతం. అందరూ ఒకే ఇంటి మనుషుల్లా కనిపిస్తారు. ఇంకోటి, వైడ్ లెన్స్‌లో అంచున నిలబడ్డవాళ్లు సాగిపోయి లావుగా వస్తారు. పెళ్లి ఫొటోల్లో చివర నిలబడ్డ పిన్ని ఎప్పుడూ లావుగా ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమైంది కదా. 85 ఎంఎంలో ఆ సమస్య దాదాపు ఉండదు.

ఎంత లోతు షార్ప్‌గా వస్తుంది?

నేను తప్పు చేసింది ఇక్కడే. ఫోకస్ చేసిన చోటుకి కాస్త ముందు, కాస్త వెనక మాత్రమే షార్ప్‌గా కనపడుతుంది. దీన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 85 ఎంఎం లెన్స్‌కి మామూలుగా వాడే ప్రమాణంతో లెక్క ఇది:

2 మీటర్లు, ఎఫ్/1.8: దాదాపు 6 సెంటీమీటర్లు
3 మీటర్లు, ఎఫ్/1.8: దాదాపు 13 సెంటీమీటర్లు
6 మీటర్లు, ఎఫ్/1.8: దాదాపు 54 సెంటీమీటర్లు
6 మీటర్లు, ఎఫ్/5.6: దాదాపు 1.7 మీటర్లు
8 మీటర్లు, ఎఫ్/4: దాదాపు 2.1 మీటర్లు
8 మీటర్లు, ఎఫ్/5.6: దాదాపు 3 మీటర్లు

మొదటి లైన్ చూడండి. ఆరు సెంటీమీటర్లంటే ఒక కన్ను షార్ప్‌గా వచ్చి, ముఖం పక్కకి తిప్పితే రెండో కన్ను మసకబారేంత తక్కువ. ఇప్పుడు మూడో లైన్. నేను నిలబడింది ఆరు మీటర్ల దూరంలో. మామ్మ మీద ఫోకస్ పెట్టాను. ఆవిడకి వెనక పాతిక సెంటీమీటర్లు మాత్రమే షార్ప్‌గా ఉంటుంది. కుర్చీ వెనక నిలబడ్డ బాబాయి ముఖం కనీసం 80 సెంటీమీటర్లు వెనకుంది. లెన్స్ తప్పేం లేదు, నేను చెప్పిన పని అది చేసింది.

కాబట్టి రూల్ ఇలా పెట్టుకోండి. ఒక్క మనిషైతే ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8. ఇద్దరు పక్కపక్కన ఉంటే ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4. రెండు వరసలైతే ఎఫ్/4 నుంచి ఎఫ్/5.6. మూడు వరసలైతే ఎఫ్/5.6 కన్నా కిందకి దిగొద్దు. వెలుతురు బాగుంటే ఎఫ్/8కి వెళ్లినా నష్టం లేదు.

ఎంత వెనక్కి వెళ్లాలి?

దూరం లాభం అన్నాం కదా, దానికి చోటు కూడా కావాలి. ఫుల్ ఫ్రేమ్‌లో 85 ఎంఎంకి నేను వాడే లెక్క: మనుషుల వరస వెడల్పుకి రెండున్నర రెట్లు దూరం, లేదా ఫ్రేమ్‌లో కావాల్సిన ఎత్తుకి మూడున్నర రెట్లు దూరం. రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

మా పదకొండు మందికి వరస వెడల్పు రెండున్నర మీటర్లు, అంటే ఆరు మీటర్లు పైన సరిపోవాలి. కానీ నేల మీద పిల్లల కాళ్ల నుంచి బాబాయి తల పైన కాస్త ఖాళీ వరకు 2.2 మీటర్లు. మూడున్నరతో గుణిస్తే దాదాపు 7.7 మీటర్లు. నేను ఆరు దగ్గర ఆగిపోయాను. పిల్లల కాళ్లు అందుకే పోయాయి. టేపు పట్టుకెళ్లక్కర్లేదు. పెద్ద అంగ ఒకటి సుమారు ముప్పావు మీటరు అనుకుంటే, పదకొండు అంగలు వేస్తే ఎనిమిది మీటర్లు.

మీది 1500డి, 200డి, డి3500 లాంటి ఏపీఎస్-సీ కెమెరా అయితే లెక్క మారుతుంది. సెన్సర్ చిన్నది కాబట్టి 85 ఎంఎం అక్కడ సుమారు 130 ఎంఎం కోణం చూపిస్తుంది. అదే గుంపుకి 12 మీటర్లు వెనక్కి వెళ్లాలి. కోనసీమలో చాలా ఇళ్ల వాకిట్లో అంత చోటు ఉండదు, పన్నెండు మీటర్లంటే కాలవలో నిలబడాలి. మీకు 50 ఎంఎం ఎఫ్/1.8 చాలు. అది మీ కెమెరాలో 75 నుంచి 80 ఎంఎంలా పనిచేస్తుంది, ఏడు మీటర్లలో పనైపోతుంది, ధర కూడా తక్కువ.

వెనక్కి వెళ్తే వచ్చే తలనొప్పి ఇంకోటి ఉంది. ఎనిమిది మీటర్ల నుంచి మీరు చెప్పేది పిల్లలకి వినపడదు. ఒక బావనో తమ్ముణ్ణో కెమెరా పక్కన కాకుండా గుంపుకి దగ్గరగా, ఫ్రేమ్ బయట పెట్టండి. "ఒరేయ్, ఇటు చూడు" అనే పని వాడిది.

కొబ్బరి చెట్ల కింద వెలుతురు

రాజోలు, మలికిపురం, అమలాపురం వైపు ఎవరింట్లో ఫొటో తీసినా ముందు ఆలోచించాల్సింది కొబ్బరి చెట్ల గురించి. నీడ బాగుంది కదా అని అందరినీ తోటలో నిలబెడతాం. ఆకుల సందుల్లోంచి దిగే ఎండ ముఖాల మీద మచ్చల్లా పడుతుంది. ఒకరి నుదురు తెల్లగా కాలిపోతుంది, పక్కవారి కళ్లు చీకట్లో ఉంటాయి. ఏ లెన్సూ, ఏ ఎడిటింగ్ యాపూ దీన్ని పూర్తిగా సరిచేయలేదు. పైగా ముదిరిన కాయలున్న చెట్టు కింద మామ్మని కూర్చోబెట్టడం ఫొటోగ్రఫీతో సంబంధం లేకుండానే తప్పు.

దీనికి పరిష్కారం, పూర్తి నీడ ఉండి ఎదురుగా ఆకాశం తెరిచి ఉన్న చోటు. పెంకుటిల్లయితే అరుగు అంచు, డాబా అయితే పోర్టికో అంచు. ఎండ నేరుగా పడకూడదు, కానీ ఎదురుగా ఉన్న వెలుతురు ముఖాల మీదకి రావాలి. ముందు సిమెంట్ చప్టా ఉంటే ఇంకా మంచిది. దాని మీద పడ్డ వెలుతురు కింద నుంచి పైకి కొట్టి, కళ్ల కింద నీడలు తగ్గిస్తుంది.

రెండో సమస్య పచ్చదనం. చుట్టూ ఆకులు, కింద గడ్డి ఉంటే వాటి మీద నుంచి తిరిగొచ్చే వెలుతురు కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. చర్మం రంగు పాలిపోయినట్టు వస్తుంది. రా ఫార్మాట్‌లో తీసుకుంటే తర్వాత సరిచేయడం తేలిక. లేదంటే మనుషులు నిలబడే చోటే ఒక తెల్ల కాగితం పట్టుకుని కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేయండి.

మూడోది బ్యాక్‌గ్రౌండ్. కొబ్బరి ఆకుల మధ్య నుంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనపడితే ఆ బ్లర్ ప్రశాంతంగా ఉండదు, వెలుగు చుక్కలతో గజిబిజిగా ఉంటుంది. అదే వెనక చాలా దూరంలో వరి చేను, కాలవ గట్టు లేదా గోదావరి ఉంటే బ్లర్ మెత్తగా వస్తుంది. అందుకే తోటలో కన్నా చేను గట్టు మీద తీసిన ఫొటోలు బాగుంటాయి.

టైమ్ విషయానికొస్తే, సంక్రాంతి రోజుల్లో మనకి ఆరు లోపే సూర్యుడు దిగిపోతాడు. నాలుగున్నర, ఐదు మధ్య గ్రూప్ ఫొటో అయిపోవాలి. భోజనాలయ్యి, కునుకు తీసి, ఆడవాళ్లు చీరలు మార్చుకునేసరికి ఐదున్నర అవుతుంది. మూడున్నరకే మొదలుపెట్టండి.

తీసేటప్పుడు వరసగా చేయాల్సినవి

1. ముందు ఖాళీ కుర్చీలు వేయండి. పెద్దవాళ్లని చివర్లో పిలవండి. సెట్టింగ్స్ చూసుకునేదాకా మోకాళ్ల నొప్పులున్నవాళ్లని నిలబెట్టొద్దు.

2. వరసలు కెమెరాకి సమాంతరంగా, తిన్నగా ఉండాలి. వెనకవాళ్లని కుర్చీలకి ఆనుకుని నిలబడమనండి. వరసల మధ్య తగ్గించిన ప్రతి అడుగూ మీకు డెప్త్‌లో కలిసొస్తుంది. పాత స్టూడియో ఫొటోల్లో అందరూ ఒకరికొకరు అంటుకుని ఉండేది ఊరికే కాదు.

3. ఎపర్చర్ ఎఫ్/5.6. షట్టర్ స్పీడ్ 1/200 కన్నా తగ్గకూడదు, చిన్నపిల్లలుంటే 1/500. 85 ఎంఎంలో చేతి వణుకు కూడా పెద్దగా కనపడుతుంది. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుంది కానీ పిల్లాడి కదలికని ఆపదు.

4. ఐఎస్ఓ పెంచడానికి భయపడొద్దు. 800, 1600 వరకు ఇప్పటి కెమెరాలు బాగానే ఇస్తాయి. కాస్త గరుకుగా ఉన్న ఫొటోని ఎవరూ పట్టించుకోరు, ముఖం మసకైతే అందరూ పట్టించుకుంటారు.

5. ఫోకస్ పాయింట్ మీరే ఎంచుకోండి. ఐ డిటెక్షన్ గుంపులో తనకి నచ్చిన ముఖాన్ని పట్టుకుంటుంది, సాధారణంగా దగ్గరగా ఉన్నది. మూడు వరసలుంటే మధ్య వరసలో ఒకరి కంటి మీద, రెండే ఉంటే ముందు వరసలో ఒకరి కంటి మీద పెట్టండి.

6. తెల్ల పంచెలు, జరీ చీరలు కెమెరాని మోసం చేస్తాయి. ముఖాలు చీకటిగా వస్తే ఎక్స్‌పోజర్ కాస్త పెంచి, పంచె మీద మడతలు కనపడుతున్నాయో లేదో జూమ్ చేసి చూసుకోండి.

7. ఒక్కటి తీసి వదలొద్దు. పదకొండు మందిలో ఎవరో ఒకరు కళ్లు మూస్తారు. అందరినీ కళ్లు మూసుకోమని, మూడు అనగానే తెరవమని చెప్పి, అప్పుడు బర్స్ట్‌లో తీయండి. మొత్తం పదిహేనైనా ఉండాలి.

8. గుంపు చెదరకముందే జూమ్ చేసి నాలుగు మూలలా ముఖాలు చూడండి. ఈ ఆర్టికల్‌లో ఒక్క పాయింటే గుర్తుంటుందంటే, అది ఇదే అవ్వనివ్వండి. చిన్న స్క్రీన్ మీదా, వాట్సాప్‌లోనూ ప్రతి ఫొటో షార్ప్‌గానే ఉంటుంది.

9. చివరగా ట్రైపాడ్, పది సెకన్ల టైమర్. తీసేవాడు ఏ ఫొటోలోనూ ఉండడు. ముందే మీ చోటు ఖాళీగా పెట్టుకోండి. ఎనిమిది మీటర్లు పరిగెత్తాలి కాబట్టి కెమెరా కంపెనీ యాప్‌తో ఫోన్ నుంచి క్లిక్ చేయగలిగితే ఇంకా మంచిది.

మరి ఎఫ్/1.8 ఎప్పుడు?

భోగి మంట దగ్గర. తెల్లవారుజామున చీకటి, మంచు, మంట వెలుగు తప్ప ఇంకేం లేదు. ఎఫ్/1.8, 1/125, ఐఎస్ఓ 3200తో మొదలుపెట్టండి. మంట పెరిగేకొద్దీ షట్టర్ స్పీడ్ పెంచుకోవచ్చు. మీరు దూరంగా ఉంటారు కాబట్టి పిల్లలు కెమెరాని పట్టించుకోకుండా మంటనే చూస్తుంటారు. కిట్ లెన్స్‌తో ఇది చాలా కష్టం. 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 మాత్రమే ఇస్తుంది, అంటే దాదాపు పదో వంతు వెలుతురు.

ఒక్కరినే తీసేటప్పుడు, వెనక చూపించాల్సిందేమీ లేనప్పుడు. వెనక బైకులు, ప్లాస్టిక్ కుర్చీలు, వాటర్ ట్యాంకు ఉంటే ఎఫ్/1.8 మీ మనిషిని వాటి నుంచి విడదీస్తుంది.

కానీ "వెనక ఏముంది?" అని ప్రతిసారీ అడగండి. ఇది నాకు మా మామ్మ నేర్పింది. రెండేళ్ల కిందట అదే పండక్కి ఆవిడని ఇంటి ముందు ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఎఫ్/1.8లో తీశాను. షార్ప్‌గా ఉంది, వెలుతురు బాగుంది, నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే ఫొటో. ఫోన్‌లో చూపిస్తే కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"నేను బానే ఉన్నాను గానీ, ఇల్లేదిరా?" అంది.

"వెనకుంది మామ్మా, బ్లర్ చేశాను. ఇప్పుడందరూ అలాగే తీస్తున్నారు."

"మీ తాతయ్య కట్టిన ఇల్లురా అది. తుడిచేశావేంటి?"

నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ దృష్టిలో ఆ తలుపూ, ఆ స్తంభాలూ బ్యాక్‌గ్రౌండ్ కాదు. మర్నాడు అదే చోట, మూడు మీటర్ల నుంచే, ఎఫ్/8లో మళ్లీ తీశాను. మామ్మ షార్ప్‌గా ఉంది, వెనక తలుపు కొంచెం మెత్తగా ఉన్నా గుమ్మం పసుపు కూడా గుర్తుపట్టేలా ఉంది. ఆవిడ ఫ్రేమ్ కట్టించుకున్నది ఆ రెండోదే.

ఫోన్‌తో తీసేవాళ్లకి

కెమెరా లేకపోతే నష్టమేం లేదు, దూరం సూత్రం ఫోన్‌లోనూ పనిచేస్తుంది. గెలాక్సీ ఎస్24 అల్ట్రాలో 3ఎక్స్ అంటే 67 ఎంఎం, ఐఫోన్ 15 ప్రోలో 3ఎక్స్ అంటే 77 ఎంఎం, వివో ఎక్స్200 ప్రోలో టెలిఫొటో 85 ఎంఎం. ఈ నంబర్లు ఫుల్ ఫ్రేమ్ లెక్కలోనే. గ్రూప్ ఫొటోకి 1ఎక్స్ వదిలేసి, ఈ లెన్స్ పెట్టి ఏడెనిమిది మీటర్లు వెనక్కి వెళ్లండి.

ఫోన్ సెన్సర్ చిన్నది కాబట్టి డెప్త్ ఎక్కువ ఉంటుంది. వెనక వరస మసకయ్యే సమస్య దాదాపు రాదు. అయితే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం గుంపుకి ఆపేయండి. అది సాఫ్ట్‌వేర్‌తో బ్లర్ వేస్తుంది, జడలో మల్లెపూలనీ, వెనక వరసలో సగం తలనీ కూడా బ్యాక్‌గ్రౌండ్ అనుకుంటుంది.

ఇంకో జాగ్రత్త. వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు చెప్పకుండా టెలిఫొటో వదిలేసి, మెయిన్ కెమెరా ఫొటోని కత్తిరించి ఇస్తాయి. టెలిఫొటో లెన్స్ మీద వేలు పెట్టి చూడండి. స్క్రీన్ చీకటవ్వకపోతే మీరు వాడుతున్నది అది కాదు. వెలుతురున్న చోటికి మారండి.

ఏ లెన్స్?

క్యానన్ డీఎస్ఎల్ఆర్‌కి ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.8 ఉంది. 1992 నాటి డిజైన్, సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. క్యానన్ మిర్రర్‌లెస్‌కి ఆర్ఎఫ్ 85 ఎంఎం ఎఫ్/2, స్టెబిలైజేషన్‌తో వస్తుంది, 35 సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ అవుతుంది. సోనీ ఎఫ్ఈ 85 ఎంఎం ఎఫ్/1.8 బరువు 371 గ్రాములే. నికాన్ జెడ్ 85 ఎంఎం ఎఫ్/1.8 ఎస్ 470 గ్రాములు. నికాన్ డి3500, డి5600 ఉన్నవాళ్లు ఏఎఫ్-ఎస్ అని ఉన్న లెన్సులే చూడండి. పాత ఏఎఫ్-డి లెన్సులు చవగ్గా దొరుకుతాయి కానీ ఈ బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు, ఆటోఫోకస్ పనిచేయదు.

ఎఫ్/1.4 కావాలా అంటే, ఫ్యామిలీ ఫొటోకి అక్కర్లేదు. ఎక్కువసార్లు ఎఫ్/4కీ ఎఫ్/5.6కీ మధ్య తీసేవాళ్లకి ఆ అదనపు ధర, బరువు దండగ.

కోనసీమ లాంటి తేమ ప్రాంతంలో లెన్స్ ఉంచేవాళ్లకి ఫంగస్ పెద్ద శత్రువు. బీరువాలో బట్టల మధ్య, తోలు కేసులో మాత్రం పెట్టొద్దు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, జెల్‌ని అప్పుడప్పుడు మారుస్తుండండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడవకండి, బ్యాగ్ మూసే ఉంచి పావుగంట, అరగంట ఆగితే బయటి వేడికి అలవాటు పడుతుంది.

మొన్న సంక్రాంతికి

బాబాయి మళ్లీ వచ్చాడు. ఈసారి ముందురోజే వాకిలి అంగలేసి కొలిచాను. ఎనిమిది మీటర్లు కావాలంటే గేటు దాటి కాలవ గట్టు మీదకి వెళ్లాలి. ట్రైపాడ్ అక్కడే పెట్టాను. ఎఫ్/5.6, 1/200, ఐఎస్ఓ 400, ఫోకస్ మామ్మ కంటి మీద. నాలుగింటికి మొదలుపెట్టి నాలుగున్నరకి ముగించాం. ఇరవై రెండు ఫొటోల్లో అందరి కళ్లూ తెరిచి ఉన్నవి మూడు. అందరి ముఖాలూ జూమ్ చేసి చూసేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. "అయిందా ఇంకా ఉందా?" అని పెదనాన్న విసుక్కున్నాడు కూడా.

12×18 అంగుళాల ప్రింట్ వేయించాను. 24 మెగాపిక్సెల్ ఫొటోకి ఆ సైజులో అంగుళానికి 333 పిక్సెల్స్ వస్తాయి, ముఖాలు చక్కగా ఉంటాయి. కెమెరా ఫ్రేమ్ నిష్పత్తి 3:2 కాబట్టి 12×18లో అంచులు కట్ అవ్వవు. 8×10 అయితే రెండు పక్కలా పోతాయి, అంచున నిలబడ్డవాళ్లు మిగలరు. ఫైల్ పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేకపోతే కంప్రెస్ అయిపోతుంది.

ప్రింట్ చేతికిచ్చినప్పుడు మామ్మ ముందు వెనక తలుపుని వెతికింది. తర్వాత వేలు పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. నాతో కలిపి పన్నెండు. బాబాయి దగ్గర వేలు కాసేపు ఆగింది.

ఈ పండక్కి ఊరెళ్లేటప్పుడు లెన్స్ ఏది అని ఎక్కువ ఆలోచించకండి. మీ వాకిట్లో ఎనిమిది మీటర్లు ఎక్కడ దొరుకుతుందో ముందు చూసుకోండి.